నాలుగున్నర స్టార్ల తొట్టి

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టాలంటే మనిషికి కనీసం నెరిసిన మీసమైనా ఉండాలి. నాకు నల్లటిదే ఇంకా సరిగ్గా రాలేదు. అయినా ఐదారేళ్ళ కిందటి సంగతి ఎత్తితే నోటికి ఆ మాటే వస్తోంది. ఎందుకంటే అప్పటి నేను ఇప్పుడు ఎదురుగా నడిచి వస్తే, చూడనట్టు నటించి రోడ్డు దాటేస్తాను. ఆ రోజుల్లో నేను వాహన విమర్శకుణ్ణి. సొంతానికి ఒక సైకిలు ఉండేది (దానికి వెనక బ్రేకు మాత్రమే పడేది), జేబులో లెర్నర్ లైసెన్సు ఉండేది, ఇంటర్నెట్‌లో ఒక వీడియో ఛానెల్ ఉండేది. అమ్మ ఉసిరికాయ పచ్చడి జాడీకి ఫోను ఆనించి, వెనక గోడకి నల్ల దుప్పటి తగిలించి, గొంతు రెండు మెట్లు కిందికి దించి, "మిత్రులారా, ఈ వాహనపు స్టీరింగులో ఒక నిజాయితీ ఉంది" అని చెప్పేవాణ్ణి. ఆ స్టీరింగుని నేను ముట్టుకున్నది లేదు. చూసేవాళ్ళలో సగం మంది మా చర్చి కుర్రాళ్ళు, మిగతా సగం వేలు జారి నొక్కినవాళ్ళు.

నా ప్రత్యేకత మిడ్‌సైజ్ పికప్ ట్రక్కులు. లారీ అనేంత పెద్దవి కావు, సామాన్ల ఆటో అనేంత చిన్నవీ కావు; ముందంతా కారులా ఉండి వెనక తొట్టి ఉండే బళ్ళు. లారీలు తయారయ్యే ఊళ్ళో పుట్టినవాడికి లారీల మీద మోజుండదు, మిఠాయి కొట్టువాడి కొడుక్కి జిలేబీ మీద లేనట్టే. అందుకని పికప్పుల మీద పడ్డాను. నా పద్ధతి సులువు. విదేశీ రివ్యూవర్ల వీడియోలు ఒక పది చూడటం, వాళ్ళిచ్చిన స్టార్లకి సగటు తీయడం, నా తరఫున ఇంకో అర స్టారు కలపడం (అది నా సొంత పరిశోధన). ఆ రివ్యూవర్లలో ఒక గడ్డపాయన బండిని ఎడారిలో ఎగిరించేవాడు. ఇంకొకాయన వెనక పడవ కట్టి లాగించేవాడు. ఒకావిడ కేవలం కప్పులు పెట్టుకునే గుంటలు లెక్కపెట్టి స్టార్లిచ్చేది. తొట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే పరీక్ష: కొండలెక్కే సైకిలొకటి, గుడారమొకటి, పెంపుడు కుక్కొకటి అందులో వేసి చూసేవాళ్ళు. మూడూ పట్టేవి. కుక్క సంతోషంగా ఉండేది. నాలుగున్నర స్టార్లు.

మా వాళ్ళంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జంషెడ్‌పూర్‌కి, లారీల ప్లాంటులో పనికని వచ్చినవాళ్ళు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళు టెల్కో కాలనీలో క్వార్టరు, రిటైరయ్యాక బిర్సానగర్‌లో సొంత ఇల్లు, ఆ తర్వాత సమాధుల తోట. మా తెలుగు సంఘంలో మనిషి జీవితం ఈ మూడు స్టాపుల షిఫ్టు బస్సు. ఆ ఏడు మూడో స్టాపులో దిగేవాళ్ళు మరీ ఎక్కువైపోయారు. ఒకే బ్యాచ్‌లో చేరినవాళ్ళు ఒకే బ్యాచ్‌లో వెళ్ళిపోదామని మాట్లాడుకున్నట్టు, చలికాలమంతా రెండు వారాలకొక భూస్థాపన. అమ్మ తెల్లచీర ఉతికి ఆరేలోపు మళ్ళీ కావలసివచ్చేది. చర్చికి సొంత బండి లేదు. ఒక టెంట్‌హౌస్ వాళ్ళ టెంపోని మాట్లాడేవాళ్ళం. క్వాయర్‌లో లావు గొంతుతో పాడే తాతయ్య ఒకాయన పోయినప్పుడు ఆ టెంపో గంట ఆలస్యంగా, ఏదో పెళ్ళి మండపం కర్రలతో సహా వచ్చింది. కర్రలు దించడానికి టైము లేదన్నాడు డ్రైవరు. తాతయ్య పెట్టె ఆ కర్రల మీదే ఎక్కింది. గుంతలో పడినప్పుడల్లా కర్రలు డప్పుల్లా మోగాయి. వెనక ఆటోల్లో మేము "ధీరే, ధీరే" అని, మెల్లగా పొమ్మని అరుస్తున్నాం. టెంపో పక్కన గులాబీ రంగు అక్షరాల్లో 'శుభ వివాహం' బ్యానరు. (ఎవరూ నవ్వలేదు. నేను నవ్వు ఆపుకోవడానికి దగ్గాను. అమ్మ తొడ మీద గిల్లింది.)

ఆ రోజు ఆటోలో నా పక్కన కూచున్నది మా పెదనాన్న. ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు టెస్ట్ డ్రైవరు. కొత్త లారీ తయారై బయటికి రాగానే దాన్ని ట్రాకు మీద తిప్పి, బాగుందో లేదో చెప్పడం ఆయన పని. ఎవరి బండి ఎక్కినా ముందు బ్రేకు తొక్కి చూస్తాడు కాబట్టి కాలనీలో ఆయన పేరు బ్రేక్ బాబు. ఆరడుగుల మనిషి. అప్పటికే ఊపిరితిత్తులు సగం పని మానేశాయి. "జాగ్రత్తగా ఉండండి" అన్నాడు డాక్టరు. ఇక చెయ్యగలిగింది లేదన్న మాటని డాక్టర్లు అలా చెబుతారు. కర్రల మోత వింటూ పెదనాన్న నా మోకాలు తట్టి అన్నాడు:

"ఒరే స్టారూ, నెక్స్ట్ నంబరు నాదేరా. నన్ను మాత్రం పెళ్ళి కర్రల మీద ఎయ్యకండి. ముప్పై ఏళ్ళు బళ్ళకి పాసో పేలో నాను సెప్పినాను. ఆకరికి పేలైన బండిలో ఎల్తే ఏటి మర్యాద?"

"అరే ఛోడో పెదనాన్నా, అభీ బహుత్ టైమ్ హై" అన్నాను. మా తరానికి భయమేస్తే హిందీ వస్తుంది.

"టైముందని ఎవుడు సెప్పినాడు? నీ రివ్యూవర్లా?"

ఆ మాట ఆటోల్లోంచి ఆటోల్లోకి పాకి, చివరికి మా అయ్యగారి (అంటే పాస్టరుగారి) చెవిన పడింది. తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు ఏడుగురు చర్చి వెనక గదిలో సమావేశమయ్యారు. సెక్రటరీ మా అమ్మకి వరసకి అన్న. ప్లాంటు ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఎవరు ఏం మాట్లాడినా పుస్తకంలోకి ఎక్కిస్తాడు కాబట్టి ఆయన మినిట్స్ మావయ్య. బాగ్‌బేరా వైపు, రైల్వే యార్డు గోడ పక్కన వాడిన బళ్ళు అమ్మే ఒక పెద్దమనిషి దగ్గర రెండు పికప్పులు ఉన్నాయని కబురు. ఒకటి తెల్లది, డబుల్ క్యాబు, అంటే ముందు రెండు వరసల సీట్లు, వెనక తొట్టి. రెండోది గోధుమరంగుది, సింగిల్ క్యాబు, డ్రైవరుకీ పక్కన ఇంకొకరికీ మాత్రమే చోటు, మిగతాదంతా తొట్టి. (కంపెనీల పేర్లు చెప్పను. ఈ ఊళ్ళోనే బతకాలి.) రెంటినీ పోల్చి చెప్పడానికి నన్ను పిలిచారు. జీవితంలో మొదటిసారి నన్నెవరో నిపుణుడు అన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

ఇప్పుడు ఆ గది గురించి ఒక్కమాట చెప్పాలి, జరిగిన తప్పంతా అక్కడే జరిగింది కాబట్టి. ఆ ఏడుగురూ జీవితమంతా లారీలు తయారుచేసినవాళ్ళు. బోల్టు ఎంత బిగించాలో వేళ్ళతోనే చెప్పగలరు. కానీ ఆ గదిలో వయసులు కలిపి పంచితే మనిషికి డెబ్భై వస్తాయి. ఆ తొట్టిలో ముందు ఎక్కేది ఎవరన్న ఆలోచన ఎవరికీ సరదాగా లేదు. "సంఘానికి ఒక సేవా వాహనం అవసరం. దేనికన్నది అందరికీ తెలిసిందే" అన్నారు అయ్యగారు. అందరూ తలలూపి గోడమీద క్యాలెండరు చూశారు. పెట్టె అన్న మాట రెండు గంటల్లో ఒక్కరి నోటా రాలేదు. మావయ్య దాన్ని పుస్తకంలో 'లోడు' అని రాసుకున్నాడు.

"లోడు ఎంత మోత్తాది బాబూ?" అన్నాడొక పెద్దాయన.

"టన్ను పైనే తాతయ్యా. నాలుగు స్టార్లు."

"నీల్లలో దిగుతాదేటి?"

"మోకాళ్ళు దాటి. అయిదు స్టార్లు."

"అయితే బాప్తిస్మాలకి ఏటికాడికి తీసికెల్లొచ్చు, రాయి రాయి" అన్నాడాయన. మావయ్య రాశాడు.

"కప్పులు పెట్టుకునే గుంటలు ఎనిమిది" అన్నాను, నా పరిశోధన వృథా పోకూడదని.

"ఎనమండుగురికి టీ" అని అది కూడా రాశాడు మావయ్య.

బ్రేకుల మీద అరగంట, కమాన్ల మీద, అంటే చక్రాల పైనుండే స్ప్రింగు పట్టీల మీద, ముప్పావుగంట, రంగు ఎన్ని పూతలన్న దాని మీద మిగతా సమయం గడిచింది. పొడవు ఎంతన్నప్పుడు నేను కాగితం చూసి పదిహేడడుగులు అన్నాను. అది మూతి నుంచి తోక దాకా బండి పొడవు. "పదిహేడంటే సానా ఎక్కువ" అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తొట్టి పొడవెంత అని వేరే అడగాలంటే అందులో ఏం పెడతామో అనుకోవాలి. అది ఎవరూ అనుకోలేదు. గోధుమరంగు బండి మీద నాకు దొరికిన రివ్యూ ఒక్కటే; ఒక రైతు దాన్నిండా గడ్డిమోపులేసి, కెమెరా వైపు చూసి, "ఠీక్ హై" అన్నాడు. ఠీక్ హైకి నేను రెండున్నర స్టార్లు వేశాను. చేతులెత్తమన్నారు అయ్యగారు. ఏడు చేతులు తెల్లబండికే లేచాయి.

ఆ మాట ఎత్తగల మనిషి మాకొకడున్నాడు, కానీ ఆయన ఆ ఆదివారం దగ్గుతో ఇంట్లో మంచం మీద ఉన్నాడు. సాయంత్రం వెళ్ళి నా తులనాత్మక వీడియో చూపించాను. పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దూరంగా పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చూశాడు. పెద్దమ్మ కూడా మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చి మంచం పట్టె మీద కూచుని చూసింది. "మావోడి గొంతుకి జలుబు సేసినట్టుందేటి" అంది.

"బాగా మాట్లాడినావు గానీ, ఎనకాల ఎంతుందిరా?" అన్నాడు పెదనాన్న.

"నాలుగున్నర స్టార్లు పెదనాన్నా."

"స్టార్లు కాదురా, అడుగులు."

"సైకిలు, గుడారం, కుక్క పట్టాయి."

పెదనాన్న నా వంక కాసేపు చూశాడు. ట్రాకు మీద బండి ఏదో వింత శబ్దం చేస్తే బహుశా అలాగే చూసేవాడు. తర్వాత నవ్వాడు, నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు, పెద్దమ్మ నీళ్ళు తెచ్చింది. నేను ఫోను తీసుకుని వచ్చేశాను. పాతకాలపు మనిషి, తెర ఉన్న బళ్ళు ఆయనకేం తెలుసు అనుకున్నాను. ఇది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

తెల్లబండి వచ్చిన రోజు చర్చి ఆవరణలో చిన్న పెళ్ళంత హడావుడి. బంతిపూల దండ వేశారు. అయ్యగారు ప్రార్థన చేశారు. దేనికో చెప్పకుండా "ఈ వాహనమును నీ సేవలో వాడుకొనుము" అన్నారు. ఆమెన్ అంటుండగా గేటులోంచి అక్క స్కూటీ వచ్చింది. అక్క అంటే పెదనాన్న కూతురు, ఇక్కడే స్కూల్లో టీచరు. వెనక సీటు మీద మఫ్లరు చుట్టుకుని పెదనాన్న. దిగి ఎవరికీ వందనాలు చెప్పలేదు. అలవాటు ప్రకారం ముందు సీట్లోకి ఎక్కి బ్రేకు తొక్కాడు. తలూపాడు. దిగి, బండి పక్క మీద ఒక చెయ్యి ఆనించి, దాన్ని తడుముతూ వెనక్కి నడిచాడు. తొట్టి తలుపు (మేం దాన్ని డాలా అంటాం) దించి, చెప్పులు విడిచి, నా భుజం పట్టుకుని ఎక్కాడు. క్యాబుకి తల ఆనించి వెల్లకిలా పడుకున్నాడు. "డాలా మూసీండి" అన్నాడు.

మూశాం. అంటే మూయబోయాం. మొదటిసారి ఆయన పిక్కలకి తగిలింది. ఆయనే కాళ్ళు ఎత్తి పట్టుకున్నాడు, డాలా మూతపడింది, ఆ తర్వాత కాళ్ళు దించాడు. ఆరడుగుల పెదనాన్న, అయిదడుగుల తొట్టి. మడమలు రెండూ డాలా పైఅంచు మీద ఆనుకుని, పడక్కుర్చీలో కాళ్ళు చాపుకున్న జమీందారులా ఉన్నాడు. బొటనవేళ్ళు అయ్యగారి వైపు చూస్తున్నాయి.

ఏడుగురు పెద్దలు ఆ వేళ్ళకేసి చూశారు. చూపు తిప్పుకోవడానికి ఆవరణలో క్యాలెండరు లేదు. రెండు గంటలు మాట్లాడి ఎవరూ అనకుండా దాటేసిన మాట అక్కడ మఫ్లరు చుట్టుకుని పడుకుని ఉంది.

"నాన్నా, క్యా కర్ రహే హో? దిగు! సబ్ దేఖ్ రహే హైఁ" అంది అక్క. 

"సూడనీయే. సూణ్ణానికే కదా పడుకున్నాను" అన్నాడు పెదనాన్న తొట్టిలోంచి. "ఒరే మినిట్సూ, రాసినావా? పెట్టి ఆరున్నర అడుగులు. తొట్టి అయిదు. బండ్లు సేసినోళ్ళు ఏడుగురు కూకుని కొన్నారు. పూర్తిగా రాయి."

మావయ్య నిజంగానే పెన్ను తీశాడు. ఏం రాయాలో తెలియక తేదీ వేసి ఆగిపోయాడు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని, ఆ పని అయిపోయాక, నా ముఖం చూశారు.  "రివ్యూలో కుక్క పట్టింది..." అన్నాను. 

ఆ సాయంత్రమే మావయ్యా నేనూ బాగ్‌బేరా వెళ్ళాం. బళ్ళ పెద్దమనిషి టీ ఇప్పించి, సంగతంతా విని, చాలా బాధపడి, "బికీ హుయీ గాడీ, బిదా హుయీ బేటీ" అన్నాడు. అమ్మిన బండీ, అత్తారింటికి పంపిన కూతురూ వెనక్కి రావట. కానీ మరీ అంత బాధపడుతున్నాం కాబట్టి, వారంలోగా అయితే దానికి బదులు గోధుమరంగుది ఇస్తానన్నాడు. అది అక్కడే మూల నిలబడి ఉంది. నేను మావయ్య జేబులోని టేపు తీసి తొట్టి కొలిచాను. ఏడున్నర అడుగులు. రెండున్నర స్టార్లు. నా మీద నాకే ఎంత అసహ్యమేసిందంటే, ఇంటికి వచ్చి ఛానెల్ మూసేద్దామనుకున్నాను. (మూయలేదు. ఆ రోజే కొత్తగా ఇద్దరు చేరారు.)

మర్నాడు ఉదయం పెదనాన్నకి ఈ శుభవార్త చెప్పడానికి తెల్లబండిలోనే వెళ్ళాను. చర్చి కొత్తగా పెట్టుకున్న డ్రైవరు తోలాడు. పెదనాన్న గుమ్మంలోనే కూచుని ఉన్నాడు. బండి మారుస్తున్నాం, ఇక దిగులు లేదు అన్నాను. ఆయన డ్రైవరుని దిగమని సైగ చేసి, "నువ్వు తోలు" అన్నాడు నాతో.

"నాకు లెర్నర్ లైసెన్సే పెదనాన్నా."

"స్టీరింగులో ఏదో నిజాయితీ ఉందన్నావు కదా. ఏటుందో సూద్దూగాని. డ్రైవరు పక్కన కూకుంటాడు. నాను ఎనకుంటాను. సూడు, తొట్టిలోంచి ఒక దెబ్బ కొడితే ఆపాల. రెండు కొడితే పోవాల. ఊరికే టకటకా కొడితే నువ్వు ఎదవ్వని అర్థం."

బిర్సానగర్ నుంచి టెల్కో కాలనీ దాకా, కాలనీ చుట్టూ ఒక రౌండు. డాలా దించి, పరుపు వేసి పడుకున్నాడు పెదనాన్న. దారి పొడుగునా టకటకలే. క్లచ్చు వదిలినప్పుడు టకటక. స్పీడ్ బ్రేకరు దగ్గర టకటక. పెదనాన్న వాళ్ళ పాత క్వార్టరున్న వీధిలో మాత్రం ఒక దెబ్బ పడింది. ఆపాను. ఎవరూ దిగలేదు. కాసేపటికి రెండు దెబ్బలు. పోనిచ్చాను. తిరిగి ఇంటి ముందు ఆపి వెనక్కి వెళ్ళేసరికి ఆయన లేచి కూచుని మఫ్లరు సర్దుకుంటున్నాడు.

"రాసుకో. బ్రేకుకి నాలుగు. కమాన్లు మెత్తగున్నాయి, దానికీ నాలుగు. ఆ గడ్డిమోపుల బండి ఉంది సూడు, అది ఎగరేసి కొడతాది, పెట్టిలో ఉన్నోడు లేచి కూకుంటాడు. పైన సెట్లు, ఆకాశం సానా బాగా అవుపడతాయి, దానికి అయిదు. ముప్పై ఏళ్ళు ఈ రోడ్ల మీద తోలినాను, తలెత్తి సూసింది నేదు. డ్రైవరికి సున్నా."

"కానీ కాళ్ళు పట్టవు కదా పెదనాన్నా. అందుకే మార్చేద్దాం. అది ఏడున్నర అడుగులు, నేను కొలిచాను."

"కొలిసినావా? సెబాసు. మరి దాంట్లో ముందర సీట్లెన్ని?"

"రెండు."

"డ్రైవరు ఒకడు. ఇంకోటి అయ్యగారు. మరి మీ పెద్దమ్మ ఏడ కూకుంటాది?"

నేను తెల్లబండి వెనక సీటు వైపు చూశాను.

"అన్నీ మోకాళ్ళ నొప్పులు దానికి. బండి ఎనక ఆటోలో గుద్దుకుంటా వత్తాది. ఆ పాటల తాతగారి బారియ వొచ్చినాది కదా మొన్న, సూసినావా? టెంపో ఎటెల్లిపోయిందోనని మెడ సాపి సూత్తానే ఉంది ముసిల్ది. దీంట్లో అయితే మీ పెద్దమ్మ, అక్క, మీ అమ్మ ఎనక సీట్లో కూకుంటారు. తిరిగి సూత్తే అద్దంలోంచి నానే. మూరెడు దూరం. నీ రివ్యూవర్లు ఎవుడైనా సెప్పినాడేటి ఇది?"

ఎవరూ చెప్పలేదు. ఎడారిలో ఎగిరినాయనా చెప్పలేదు, పడవ లాగినాయనా చెప్పలేదు.

"మరి కాళ్ళ వైపు బయటికి వచ్చేదో?"

"డాలా దించితే సగం దాని మీదే ఆనుతాది, జానెడే కదా బయటికొచ్చేది. లోడు బయటికొత్తే ఏటి సెయ్యాల? రూలు నేదా? రాడ్లేసుకెల్లే లారీ సూణ్ణేదా? ఎర్రగుడ్డ కట్టాల. అంతే." లోపలికి తిరిగి అరిచాడు: "ఏమే, నీ ఎర్ర నేతచీర సిరిగిపోనాదన్నావు కదా, దాని సెంగు పక్కనెట్టు!"

"ఎందుకూ?" అంది పెద్దమ్మ లోపల్నుంచి.

"బండికి."

 కాసేపటికి కత్తెర చప్పుడు వినిపించింది.

అలా తెల్లబండి మాకే ఉండిపోయింది. సంఘ పుస్తకంలో మావయ్య 'లోడు పొడవు ఎక్కువైనప్పుడు నియమానుసారం ఎర్రగుడ్డ కట్టవలెను' అని తీర్మానం రాసి అందరి సంతకాలు తీసుకున్నాడు. ఆ తర్వాత మూడు నెలలు, ఊపిరి ఆడిన రోజుల్లో, పెదనాన్న నన్ను తోలించాడు. టకటకలు తగ్గాయి. నిజం లైసెన్సు వచ్చింది. పక్క సీట్లో కూచుని ఆయన చెప్పిన పాఠం మొత్తం ఒక్కటే: "ఎనకాల ఎవులున్నారో మర్చిపోకు."

వానాకాలంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం, టీ చల్లారిందని పెద్దమ్మతో గొడవపడి, వేడిది తెచ్చేలోపు పెదనాన్న వెళ్ళిపోయాడు. (గొడవలో చివరి మాట ఆయనదే అయ్యింది. అది ఆయనకి నచ్చి ఉంటుంది.) మర్నాడు పదింటికి తెల్లబండి సమయానికి నిలబడింది. పెట్టె ఎక్కించి డాలా దించే ఉంచాం. సరిగ్గా జానెడు బయటికి వచ్చింది, ఆయన చెప్పినట్టే. ఎర్రచెంగు కట్టాల్సింది నేనే. ముడి మూడుసార్లు జారిపోయింది. అక్క నన్ను పక్కకి తోసి కట్టింది. "ఏక్ కామ్ ఠీక్ సే నహీఁ హోతా తుమ్ సే" అంది ఏడుస్తూనే, ఒక్క పనీ నాకు సరిగ్గా చేతకాదని. అది విని నాకు కొంచెం ధైర్యం వచ్చింది.

గంటకి ఇరవై కిలోమీటర్ల స్పీడులో తోలాను. వెనక సీట్లో పెద్దమ్మ, ఒకపక్క అక్క, ఒకపక్క అమ్మ. పెద్దమ్మ ముందుకు చూడనేలేదు. దారంతా పక్కకి తిరిగి, వెనక అద్దానికి అరచెయ్యి ఆనించి కూచుంది. గోల్‌చక్కర్ కూడలి దాటాక అద్దంలో చూస్తే, మా వెనక వరసగా లారీలు. ప్లాంటు నుంచి అప్పుడే బయటికొచ్చిన కొత్త ఛాసిస్‌లు. పైన క్యాబు కూడా లేదు, చెక్కసీటు మీద డ్రైవరు, మొహానికి తువ్వాలు, అంతే. అలాంటివి తొమ్మిది. సన్నటి రోడ్డు, దాటడానికి చోటు లేదు, ఎర్రగుడ్డ చూసి దగ్గరికీ రాలేదు. తొమ్మిది కొత్త బళ్ళూ ఇరవైలోనే మా వెనక నడిచాయి. ముప్ఫై ఏళ్ళు కొత్త లారీల్ని అందరికంటే ముందు తోలిన మనిషికి అది ఊరేగింపులా ఉందని అయ్యగారు తర్వాత జ్ఞాపకార్థ కూటంలో చెప్పారు, అందరూ కళ్ళు తుడుచుకున్నారు. నేను అద్దంలో చూశాను కాబట్టి నిజం చెప్పాలి: ముందున్న డ్రైవరు తువ్వాలు దించి మరీ నన్ను తిడుతున్నాడు.

కానీ నేను వింటున్నది ఆ తిట్లు కాదు. క్లచ్చు వదిలినప్పుడు చెవి వెనక్కి పెట్టాను. స్పీడ్ బ్రేకరు దగ్గర పెట్టాను. పాత క్వార్టరు వీధి మలుపులో ఒక్క క్షణం నాకు నేనే ఆపి, నాకు నేనే పోనిచ్చాను. సమాధుల తోట దాకా తొట్టిలోంచి ఒక్క టకటక కూడా రాలేదు. సరిగ్గానే తోలానన్నమాట.

ఇప్పుడు నేను పికప్పులు అమ్మే చోట ఉద్యోగం చేస్తున్నాను. వచ్చినవాళ్ళు ఫోను తీసి "దీనికి ఎన్ని స్టార్లు?" అంటారు. నేను జేబులోంచి టేపు తీసి "ఏం వేసుకెళ్తారు, ఎవరు కూచుంటారు?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, కొందరు మేనేజరుకి చెబుతారు. చర్చిలో ఎవరైనా పోతే తెల్లబండి తోలేది ఇప్పటికీ నేనే. ఎర్రచెంగు డ్యాష్‌బోర్డు అరలో ఉంటుంది. ప్రతిసారీ పెద్దమ్మ తీసుకెళ్ళి ఉతికి, మడతపెట్టి తిరిగి ఇస్తుంది. మొన్నొక మధ్యాహ్నం, చర్చి షెడ్డులో ఎవరూ లేనప్పుడు, చెప్పులు విడిచి తొట్టిలో ఎక్కి పడుకుని చూశాను. నాకూ కాళ్ళు బయటికే వచ్చాయి. పెదనాన్న అయిదు స్టార్లిచ్చిన ఆకాశం కోసం పైకి చూశాను. షెడ్డు రేకులు, ఒక సాలెగూడు. అయినా కాసేపు అలాగే పడుకుని, జాడీకి ఫోను ఆనించుకుని గొంతు బొంగురు చేసుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకున్నాను. పాపం, ఎంత నమ్మకంగా చెప్పాడు, కుక్క పట్టిందని. నవ్వొచ్చింది. పిడికిలితో తొట్టి మీద రెండు దెబ్బలు కొట్టాను. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు కాబట్టి, దిగి నేనే వెళ్ళి కూచున్నాను.